నార్వే ఘాటు రోడ్డులో భాష్యం

"ఈ పక్క కొండ. ఆ పక్క సముద్రం. మధ్యలో మన చూలై సందంత రోడ్డు," అన్నాడు భాష్యం, రెండు చేతులూ చాపి.

చెయ్యి తగలకుండా రఘురామ్ కాఫీ గ్లాసు పక్కకి జరుపుకున్నాడు.

రఘురామ్ కొడుకు కిరణ్‌కుమార్‌కీ, భాష్యం కూతురు ధన్యకీ ఈమధ్యే నిశ్చితార్థమైంది. రెండు కుటుంబాలూ కలిసి ఏలగిరి కొండకి వెళ్ళొద్దామన్నది రఘురామే. తీరా పొద్దున్నే డ్రైవరు జ్వరమన్నాడు. ఊళ్ళోనే కాబట్టి అంబత్తూరు నుంచి చూలైలో భాష్యం ఇంటి దాకా రఘురామే ఎలాగో నడుపుకొచ్చాడు.

కొండ మాత్రం అతని వల్ల కాదు. పెళ్ళైన కొత్తలో ఒకసారి తిరుమల ఘాటు మలుపులో కారు ఆగి, వెనక్కి జారింది. వెనకున్న బస్సు డ్రైవరు దిగొచ్చి భార్య రాజశ్రీ ముందే నానా మాటలూ అన్నాడు. ఆ తరవాత అతను కొండెక్కితే ఒట్టు. ఈ సంగతి కొత్త వియ్యంకుడికి ఎలా చెప్పాలా అని దారంతా మథనపడ్డాడు.

ఇక్కడికొచ్చి కూర్చుంటే వియ్యంకుడు నార్వే కథ ఎత్తుకున్నాడు.

"అక్కడ డ్రైవర్ని పెట్టుకున్నారా బావగారూ?"

"డ్రైవరెందుకు బావా, నేనుండగా? కారు అద్దెకి తీసుకుంటిమి. మలుపు తిరిగితే గొర్రెలు. రోడ్డుకి అడ్డంగా పడుకోనుండాయి. తొక్కినాను చూడు బ్రేకు!"

"కుడి పక్కనుంచి వచ్చినాయి. పడుకోలేదు, నడస్తా ఉండాయి," అంది వంటింటి గుమ్మంలోంచి భాష్యం భార్య కుముదిని.

"సరే, నడస్తా ఉండాయి. తొక్కి తొక్కి నా కాలు వాచిపోయింది బావా. ఊరికొచ్చినాక కూడా వేణ్ణీళ్ళ కాపడమే."

భాష్యం ఫోను తీసి ఫోటోలు చూపించాడు. మంచు కొండలు, జలపాతం, సముద్రం మీదుగా వంగిన వంతెన. అన్నీ ముందు అద్దంలోంచి తీసినవే.

"ఇవన్నీ కారు వెళ్తుండగానే తీశారా?" అడిగాడు రఘురామ్.

"ఆ దోవలో చెయ్యికంటే కన్ను ముఖ్యం బావా."

రాజశ్రీ వియ్యపురాలి వైపు తిరిగింది. "మీకు భయం వెయ్యలేదా వదినగారూ?"

"వేసింది. కళ్ళు మూసుకోడానికి కూడా లేకపాయె," అంది కుముదిని, భుజానికి నొప్పి మందు రాసుకుంటూ. "ఒక లోయ కాడ ఈయన 'నారాయణా' అని అరిస్తే గుండె ఆగినంత పనైంది."

"అన్నయ్యగారంతటి వాళ్ళే అరిచారా!"

"అది హెచ్చరిక," అన్నాడు భాష్యం.

రఘురామ్ ఇంక ఆగలేకపోయాడు. గ్లాసు కింద పెట్టి, తిరుమల కథంతా చెప్పేశాడు. బస్సు డ్రైవరు అన్న మాటలు కూడా చెప్పాడు. భర్త నోట ఆ మాట ఇన్నేళ్ళకి బయటికి రావడం చూసి రాజశ్రీ మెల్లగా అతని మోచేయి పట్టుకుంది.

"ఏలగిరికి మీరే నడపాలి బావగారూ. లేదంటే ప్రయాణం మానుకుందాం," అంటూ రఘురామ్ కారు తాళంచెవి ఇవ్వబోయాడు.

భాష్యం తాళంచెవి అందుకుని అరచేతిలో ఒకసారి ఎగరేశాడు.

"నార్వే చూసినోళ్ళకి ఏలగిరి ఒక లెక్కా? ఏమే, ఏమంటావ్?"

కుముదిని మొహం విప్పారింది. "ఆడ మలుపులు బాగుంటాయంట కదా! పదండి," అంటూ స్టవ్ ఆపడానికి లోపలికి పరిగెత్తింది.

ఇంత ధైర్యవంతుల ఇంటి పిల్ల తమ ఇంటికొస్తోందని రాజశ్రీకి సంతోషం వేసింది. భర్త కూడా ఇలా ఉంటే ఎంత బాగుండేదని క్షణంపాటు అనిపించి, వెంటనే నొచ్చుకుంది కూడా.

కింద వీధిలో కారు చుట్టూ భాష్యం ఒక ప్రదక్షిణం చేశాడు. టైరుని కాలితో తన్ని చూశాడు. అడ్డంగా నిలబడ్డ ఆటోవాణ్ణి తమిళంలో అదిలించాడు. వెనక సీట్లో కిరణ్‌కుమార్, ధన్య ఎక్కారు. మధ్య సీట్లో రఘురామ్ దంపతులు సర్దుకున్నారు. రాజశ్రీ గోవింద నామాలు మొదలుపెట్టింది. రఘురామ్ చాలా ఏళ్ళ తరవాత ఒక కొండ ప్రయాణానికి ముందు హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు.

ఇంటికి తాళం వేసి, కొంగు నడుముకి దోపుకుంటూ కుముదిని మెట్లు దిగి వచ్చింది.

భాష్యం ముందరి ఎడమ సీట్లో ఎక్కి, బెల్టు బిగించి, స్టీరింగు ముందు కూర్చుని అద్దం సరిచేసుకుంటున్న కుముదినికి తాళంచెవి అందించి, పైనున్న పిడి రెండు చేతులా పట్టుకుని, "ఊఁ, పోనియ్, నేనుండా గదా," అన్నాడు.