కొత్త సిస్టమ్‌కి నూటికి నూరు

"మౌస్‌ని అంత గట్టిగా పట్టుకోనక్కర్లేదు మేడమ్, అదెక్కడికీ పారిపోదు," అన్నాడు కంప్యూటర్ల కంపెనీ నుంచి వచ్చిన బట్టతలాయన.

ఆవిడ పట్టు సడలించింది. అరచేతి చెమటకి మౌస్ జారింది. మళ్లీ గట్టిగా పట్టుకుంది.

పశువుల ఆసుపత్రిలో ముందుగది కౌంటరు ఆవిడది. వచ్చిన కుక్క పేరు, పిల్లి జబ్బు, యజమాని ఫోన్ నంబరు కంప్యూటర్లో ఎక్కించడం పని. పదో తరగతితో చదువు ఆగిపోయిన మనిషి, ఎలాగో కిందా మీదా పడి నేర్చుకుంది. అయినా భయం పోలేదు. ఒక్క మీట తప్పు నొక్కితే కుక్కకి రాసిన మందు చిలక్కి పోతుందని, చిలక చస్తుందని, చిలక తాలూకు వాళ్లు తనని కోర్టుకి ఈడుస్తారని, తను జైల్లో ఉంటే ఇంటి దగ్గర పిల్లకి అన్నం ఎవరు పెడతారని, ఇంత దూరం వెళ్లి వస్తేగానీ ఆవిడ వేలు కిందికి దిగదు.

అలాంటి మనిషికి, ఉన్నది తీసేసి, ఇంకా తయారీలో ఉన్న కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ పెడతారని కబురందింది. ముందుగా సిబ్బందికి చూపించి, ఒక్కొక్కరి అభిప్రాయం రాసుకుంటారట. అంతవరకైతే ఎలాగో తట్టుకునేదే. కాంపౌండరు పనిగట్టుకుని కౌంటరు దగ్గరకొచ్చి ఇంకో మాట చెవిన వేశాడు.

"అభిప్రాయమని పైకి అంటారక్కా. నడపలేనివాళ్లని ఏరి ఇంటికి పంపడానికే ఇదంతా."

ఇల్లు నడిచేది ఈ ఉద్యోగం మీదే. ఆ పూట అన్నం సహించలేదు. కూతురు చూసి చూసి విసుక్కుంది. అర్థం కాకపోతే అర్థం కాలేదని చెప్పెయ్యమంది. "మబ్బు పట్టకముందే తడిసిపోయి తుమ్ముతావేంటమ్మా నువ్వు," అని నవ్వింది కూడా. పదహారేళ్ల పిల్ల, ఉద్యోగాలెలా ఊడతాయో దానికేం తెలుసులే అని ఆవిడ సరిపెట్టుకుంది.

మర్నాడు పొద్దున బట్టతలాయన సిబ్బందినంతా కూర్చోబెట్టి చాలాసేపు వివరించాడు. ఆవిడ ముందు వరసలోనే కూర్చుని ప్రతి మాటకీ తలాడించింది. ఒక్కటీ వినపడితే ఒట్టు. చెవుల నిండా తన గుండె చప్పుడే.

ఇప్పుడు తన వంతు. గదిలో ఆవిడ, ఆయన, కంప్యూటరు.

"కంగారేం లేదు. తీరిగ్గా చూసి ఎలా ఉందో చెప్పండి, చాలు," అని ఆయన పెన్ను తీశాడు.

తెర నిండా నీలం. దాని మీద గుండ్రటి బొమ్మలు. పాతదాంట్లో ఒక పక్కన ఒదిగి ఉండేవన్నీ ఇందులో నట్టనడుమకొచ్చి తిష్ట వేశాయి, పిలవకుండా వచ్చిన చుట్టాల్లా. ఆవిడ బాణం గుర్తుని భయం భయంగా ఒక ఆకుపచ్చ బొమ్మ మీదికి తోలింది. నొక్కితే ఏమవుతుందో. ఊళ్లో జంతువుల వివరాలన్నీ ఒక్కసారిగా ఎగిరిపోవచ్చు. వేలు గాల్లోనే ఆగిపోయింది.

సరిగ్గా అప్పుడే బయట ఏదో కుక్క గయ్యిమంది. ఉలిక్కిపడ్డ ఆవిడ వేలు టక్కున మౌస్ మీద పడింది.

తెర మీద ఏమీ కదల్లేదు.

అయిపోయింది, పాడు చేశాననుకుంది. ఊరంతటికీ రాబోయేదాన్ని రాకముందే చంపేసిన మహాతల్లి తనేనని రేపు అందరూ చెప్పుకుంటారు. ఓరకంట చూసింది. ఆయన తలొంచుకుని తన కాగితం మీద ఏదో రాసుకుంటున్నాడు. గమనించలేదు. బాణాన్ని గబగబా ఒక మూలకి తరిమేసి, మొహానికి నవ్వు పులుముకుంది.

"ఎలా ఉంది మేడమ్?"

"చాలా బాగుందండీ."

"ఏం నచ్చింది?"

కంప్యూటర్ ఎవరిదైనా, ఎవరైనా మెచ్చుకునేది ఒక్కటే కదా.

"వేగమండీ. నొక్కీ నొక్కగానే తెరుచుకుంది."

పెన్ను ఆగింది. "తెరుచుకుందా?"

అనుమానం వచ్చింది ఈయనకి, పాడైన సంగతి పసిగట్టాడు అనుకుంది. ఇప్పుడు తడబడితే కొంప మునిగినట్టే.

"ఆ ఆకుపచ్చదండీ. ఇలా ముట్టుకున్నానో లేదో అలా తెరుచుకుంది. మూసినా అంతే. పాతదైతే నొక్కేసి, వెళ్లి టీ తాగొచ్చేదాన్ని."

"మిగతావి కూడా చూశారా?"

"ఒక్కటీ వదల్లేదు. తప్పు నొక్కినా విసుక్కోలేదు పాపం, చాలా మర్యాదైన సిస్టమ్. మార్కులు వెయ్యమంటే నూటికి నూరు వేస్తానండీ."

బట్టతలాయన తెర వంక చూశాడు. ఆవిడ వంక చూశాడు. పెన్ను జేబులో పెట్టుకుని, అంతలా చెమటలు పడుతున్నాయేమిటని మెల్లిగా అడిగాడు.

ఆ అడగడంలో ఏముందో, ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నా ఉద్యోగం తీసెయ్యరు కదండీ?"

ఆయన బిత్తరపోయాడు. ఎవరు చెప్పారా మాట అన్నాడు. ఎవర్నీ తీసెయ్యడం లేదని, అందరికీ దగ్గరుండి నేర్పించాకే మొదలుపెడతామని, ఇవాళ తెలుసుకోవాలనుకున్నదల్లా అక్షరాలు ఆనుతున్నాయా, రంగులు కళ్లకి గుచ్చుకుంటున్నాయా అన్నంతవరకేనని చెప్పాడు.

ఆవిడకి పోయిన ప్రాణం లేచొచ్చింది. కొంగుతో మొహం తుడుచుకుని, మనసులో కాంపౌండరుకి పెట్టాల్సిన శాపనార్థాలన్నీ పెట్టి, కుర్చీలో సర్దుకుని కూర్చుంది. ధైర్యం రాగానే పరువు గుర్తొచ్చింది.

"భయంతో పొగిడాననుకునేరు. అలాంటిదేం లేదండీ. ఆ వేగం మాత్రం నా కళ్లారా చూశాను."

ఆయన ఒకసారి తలుపు వైపు చూసి, ఎవరూ లేరని నిర్ధారించుకుని, గొంతు తగ్గించాడు.

"తెర మీదున్నది ఉత్త ఫొటో మేడమ్."