అక్కా వదినా

ఇంటింటి గోడల్లోంచి మాటలు విని, ఎవరు ఎవరిని ఏమని పిలుస్తారో దాన్నిబట్టి చుట్టరికాలు తేల్చే యంత్రం వచ్చాక, అది వరస కుదిరిందంటేనే పెళ్ళికి ముద్ర పడేది.

కూతురి పెళ్ళి ముహూర్తానికి గంట ముందు అది నాగరత్నానికి అడ్డం తిరిగింది.

“పెళ్ళికొడుకు తల్లి వరహాలమ్మ మీకు అక్క. అంటే అతను మీ అమ్మాయికి అన్న. ఈ పెళ్ళి కుదరదు.”

“అక్కేటి? మా పక్కింటావిడ!”

“పాతికేళ్ళుగా రోజూ అక్కా అనే పిలిచారు. అబద్ధమా?”

అబద్ధమని నాగరత్నం ఎలా అంటుంది? తన పురిట్లో నెల్లాళ్ళు పథ్యం వండిపెట్టిన మనిషి! పక్కనే ఆవిడ కళ్ళు ఒత్తుకుంటోంది. అంతలో, వియ్యపురాళ్ళు ఒకరినొకరు ఏమని పిలుచుకుంటారో గుర్తొచ్చి నాగరత్నం ఫక్కున నవ్వింది.

“వదినా!” అంది గట్టిగా.

వరహాలమ్మ ముఖం వెలిగిపోయింది. “ఏటి వదినా?”

“వదిన కొడుకు మీ అమ్మాయికి బావ. వరస కుదిరింది,” అంది యంత్రం. “మరి పాత అక్కను చెరిపెయ్యనా?”

“చెరిపితే ఊరుకోను! రెండూ ఉంచు.”

“రెండూ ఎలా నిజమవుతాయి?”

“పెళ్ళి భోజనాల దగ్గర చూద్దువుగాని, మాకెలాగవుతాదో!”

యంత్రం ముద్ర వేసింది. ఎవరూ అడక్కుండానే, కాగితం మీద ఇద్దరు తల్లుల పేర్ల మధ్యా రెండు వరసలూ అచ్చేసింది.