వేడెక్కని కార్డు

"బొమ్మ ఎట్ల కనబడ్డా సరే అన్నా. నడుమల మాత్రం ఆగొద్దు," అన్నాడు భాను.

చందూలాల్ చేతిలోని గ్రాఫిక్స్ కార్డును గాజుబల్ల మీద పెట్టి అతన్ని ఎగాదిగా చూశాడు. ఖమ్మంలో పాత కంప్యూటర్ సామాన్ల దుకాణం పెట్టుకున్నప్పటి నుంచి గేముల కోసం వచ్చిన ప్రతివాడూ బొమ్మ అద్దంలా మెరవాలనే అడిగాడు. ఇలా అడిగినవాడు ఇతనొక్కడే.

"బొమ్మతోని పని లేకుంటే కార్డెందుకు తమ్మీ?"

"కొత్త గేమ్ సీడీ కార్డు లేందే ఎక్కుతలేదు. పాత గేమ్ మా సారు మొత్తం ఆడేసిండు. ఇప్పుడాయనకు ఏం తోస్తలేదు."

భాను అడవి అంచున ఉన్న ఒక పోలీసు ఠాణాలో కంప్యూటర్ ఆపరేటర్. కాంట్రాక్టు నౌకరీ. సారంటే ఎస్సై.

"అయితే సారే కొనుక్కుంటడు గదా. పైసలిచ్చిండా?"

"లేదు. నాయే."

బండి కొనుక్కుందామని దాచుకున్న పైసలవి. కవర్‌లో రెండున్నర వేలున్నాయి, అంతకుమించి ఒక్క రూపాయి లేదు.

"మరి సారు అడిగితే?"

"దోస్తు దగ్గర వట్టిగ దొరికిందని చెప్త."

చందూలాల్ పకపకా నవ్వాడు. భానులాగే అతనిదీ కారేపల్లి వైపు తండానే. ఆ చనువుతో అన్నాడు. "కాకా పట్టేటోడు ఖర్చు చెప్పుకోవాలె పిచ్చోడా! లేకుంటే నౌకరీ పర్మనెంట్ ఎట్లయితది?"

భాను బల్ల మీదున్న రెండు కార్డులనే చూస్తున్నాడు. ఒకటి నెట్ సెంటర్ నుంచి వచ్చింది. బొమ్మ బ్రహ్మాండంగా వస్తుంది కానీ గంట ఆడేసరికి కాలిపోయేంత వేడెక్కుతుంది. రెండోది దానికన్నా పాతది. ఫ్యాన్ కూడా లేదు, చిప్ మీద అల్యూమినియం దిమ్మ ఒకటి ఉందంతే.

"ఇది మొద్దుది తమ్మీ. చెట్లు, మనుషులు అలుక్కపోయినట్టు కనబడ్తరు. కానీ దుమ్ము పట్టేదానికి ఫ్యాన్ లేదు, వేడెక్కేది లేదు. ఇంతకూ ఎంతసేపు ఆడ్తడు మీ సారు?"

"కూసుంటే ఇగ లేవడు."

"ఖాళీగుంటే?"

భాను గొంతు తగ్గించాడు. "ఖాళీగుంటే మంచిగుండడన్నా."

చందూలాల్ మొద్దు కార్డును కాగితంలో చుట్టి, మీద ప్లాస్టిక్ కవరేసి ఇచ్చాడు.

బస్సు కొత్తగూడెం దాటేసరికి వాన పట్టుకుంది. కార్డును చొక్కా లోపల దాచుకుని కిటికీ మూస్తుంటే సెల్ మోగింది. ఠాణాలో కానిస్టేబుల్ వీరన్న.

"యాడున్నవ్?"

"కొత్తగూడెం దాటిన. ఏందన్నా?"

"జల్దీ రా. సీడీ ఎక్కలేదని మౌస్ ఇసిరికొట్టిండు. పొద్దటి సంది వరండాల అటూ ఇటూ తిరుగుతుండు."

"కార్డు తెస్తున్ననని చెప్పన్నా. గంట గంటన్నరల ఉంటనని చెప్పు."

"చెప్పిన. గడియారం చూస్తుండు," అని పెట్టేశాడు వీరన్న.

ఆ తర్వాత బస్సు ఆగిన ప్రతి స్టేజీలోనూ భానుకు ఒళ్లు మండింది. ముసలమ్మ ఒకామె చింతపండు మూటలు ఎక్కించడానికి తంటాలు పడుతుంటే తనే దిగి, వానలో తడుస్తూ రెండు మూటలూ పైకి విసిరాడు. "రైట్ రైట్!" అని కండక్టర్ కన్నా ముందు తనే అరిచాడు.

ఠాణాలోకి అడుగుపెట్టేసరికి సారు గుమ్మంలోనే ఉన్నాడు. కృష్ణా జిల్లా మనిషి. కోపమొచ్చినా గొంతు పెంచడు. అదే భయం.

"తెచ్చావా?"

"తెచ్చిన సార్. దోస్తు వట్టిగనే ఇచ్చిండు."

"కానీ అయితే. ఇప్పటికే చాలా ఆలస్యమైంది."

భాను కంప్యూటర్ డబ్బా మూత తీశాడు. కార్డు స్లాట్‌లో పెట్టి, స్క్రూ బిగించి, స్విచ్చేశాడు. తెర నల్లగానే ఉండిపోయింది. ఆపి మళ్లీ వేశాడు. నలుపే.

వెనకాల కుర్చీ కిర్రుమంది. సారు లేచాడు. చేతి గడియారం విప్పి బల్ల మీద పెట్టాడు. తర్వాత ఉంగరం తీశాడు. చొక్కా చేతులు నెమ్మదిగా పైకి మడవసాగాడు. తలుపు దగ్గరున్న వీరన్న ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

"రెండు నిమిషాలు సార్," అన్నాడు భాను.

"నిన్నట్నుంచీ ఇదే మాట."

"రెండే రెండు నిమిషాలు సార్. దండం పెడ్త."

కార్డు ఊడబీకాడు. స్క్రూ జారి కింద పడింది. దాన్ని వెతకలేదు. చొక్కా అంచుతో కార్డు పళ్లు తుడిచి, స్లాట్‌లోకి ఊది, టక్కుమనేదాకా అదిమాడు. స్విచ్చేశాడు.

తెర వెలిగింది.

డ్రైవర్ ఎక్కించి సీడీ పెట్టాడు. కాసేపటికి తెర మీద అడవి, తుపాకి పట్టుకున్న ఒక చెయ్యి కనిపించాయి. సారు నిలబడే చూశాడు. తర్వాత కూర్చుని, భాను పక్క కంప్యూటర్ నుంచి తీసిచ్చిన మౌస్ అందుకున్నాడు.

"బొమ్మ అంత బాలేదురా."

"కానీ ఆగది సార్. తెల్లారేదాక ఆడినా ఆగది."

సారు వినలేదు. అప్పటికే ఆటలో పడ్డాడు.

భాను వరండాలోకి వచ్చి మెట్ల మీద కూలబడ్డాడు. వీరన్న టీ గ్లాసు అందించాడు.

"మొత్తానికి గండం గడిచింది. నీ డ్యూటీ అయిపాయె గద, ఇంటికి వో."

"కొంచెం సేపు ఉంటనన్నా."

"ఎందుకు?"

"మళ్ల ఆగుతదేమో చూస్త."

లోపల ఆట తుపాకులు మోగుతూనే ఉన్నాయి. ఒక్కోసారి చప్పుడు తగ్గితే భాను గ్లాసు నోటి దగ్గరే ఆపి, మళ్లీ మోగేదాకా ఊపిరి బిగబట్టేవాడు.

సారు ఆడుతున్నంతసేపూ లాకప్పులో ఎవరికీ దెబ్బలు పడవు.