పావు అంగుళం ఎక్కువ

"ఠాప్!"

వంటింట్లో చప్పుడుకి కోడలు తడి చేతులతోనే పరుగెత్తింది. గోడ అల్మారాకి మొన్ననే బిగించిన నాలుగు అద్దాల తలుపుల్లో ఒకటి ఉత్త చట్రమై వేలాడుతోంది. అద్దమంతా రాళ్ళుప్పులా నేల మీద చెల్లాచెదురుగా పడి ఉంది. రోజూ బుడ్డది గిన్నెల మూతలు ముందేసుకుని కూర్చునేది సరిగ్గా ఆ తలుపు కిందే. మూతలున్నాయి. బుడ్డది లేదు.

"నా దగ్గరుంది! నా దగ్గరుంది!" పెరటి గుమ్మంలోంచి అత్త కేక. "మూతి కడుగుదామని ఇప్పుడే ఎత్తుకొచ్చాను."

కోడలు పిల్లని లాక్కుని నెత్తి నుంచి అరికాళ్ళ దాకా తడిమింది. ఎక్కడా ఒక్క గీత లేదు. బుడ్డదేమో మూతలు కావాలని ఒకటే రాగం.

"ఇంకో నిమిషం ముందైతే పిల్ల నెత్తిన పడేది!" మొగుడు గది బయటికొచ్చి ఊగిపోయాడు. "పనిమంతుడు, పనిమంతుడు అన్నారు. ఏడీ ఆ వడ్రంగి? ఇప్పుడే రమ్మంటాను."

కోడలు పిల్లని చంకనేసుకుని నేల మీది గాజు ముక్కల వంక చూసింది. వడ్రంగి తప్పు లేదని ఆ ఇంట్లో తనొక్కదానికే తెలుసు.

మొన్న ఇనప సామాన్ల కొట్టుకి స్క్రూల కోసం వెళ్ళింది తనే. "అర అంగుళంవే తేవాలమ్మా. చట్రం సన్నం. పొడుగువైతే మొన పోయి అద్దాన్ని పొడుస్తుంది," అని వడ్రంగి రెండుసార్లు చెప్పి పంపాడు. కొట్టువాడు బల్ల మీద రెండు రకాలు పోశాడు. అర అంగుళంవి చెవిదిద్దుల శీలల్లా ఉన్నాయి. అంత తలుపుని ఇవా మోసేది? ఊడి పిల్ల మీద పడితే? ముప్పావు అంగుళంవి అరచేతిలో కాస్త బరువుగా, ధైర్యంగా తగిలాయి. పావు అంగుళానికి ఏమవుతుందిలే అనుకుని రెండూ కొంది. పొట్టివి వడ్రంగి చేతికిచ్చింది. ఆయన బిగించి వెళ్ళాక, మధ్యాహ్నం బుడ్డది పడుకున్న వేళ, స్టూలెక్కి నాలుగు తలుపులవీ విప్పి ముప్పావువి పెట్టింది. మర్నాడు ఇంకోసారి బిగిద్దామని చూస్తే స్క్రూడ్రైవర్ అత్త గుండీల డబ్బాలో దొరికింది. బుడ్డదే పడేసుంటుందని దాన్ని కసిరింది కూడా.

అరగంటలో వడ్రంగి వచ్చాడు. చెప్పులు గుమ్మం బయటే వదిలి, ముందు పిల్ల వంక చూశాడు.

"తగల్లేదు కదా?"

"తగిలుంటే ఈపాటికి నువ్వు ఇంత తీరిగ్గా నిలబడేవాడివి కాదు పెద్దాయనా!" అన్నాడు మొగుడు.

వడ్రంగి స్టూలెక్కాడు. చట్రానికి బిగించిన బందు దగ్గర వేలితో తడిమాడు. ఒక స్క్రూ విప్పి చూశాడు. కోడలి వంక ఒకసారి, నేల ఊడుస్తున్న అత్త వంక ఒకసారి చూసి, స్క్రూని చొక్కా జేబులో వేసుకున్నాడు.

"పొరపాటు నాదే బాబూ. కొత్త అద్దం నేనే వేస్తాను."

కోడలు చంకలో పిల్లని గట్టిగా అదుముకుంది. ఆయన చూశాడు. తెలిసిపోయింది. అయినా తన మీదే వేసుకున్నాడు. అత్త నోరు మెదపడం లేదు. ఆవిడ మాట్లాడ్డం లేదంటే కోపం నషాళానికి అంటినట్టే. ఊడ్చిన చోటే మళ్ళీ ఊడుస్తోంది.

"అద్దం సరే. పైనున్న ఆరు వాటాల వాళ్ళకీ పనికి నిన్నే పెట్టుకోమని చెప్పాను. ఎవరి పిల్ల నెత్తిన ఏం పడుతుందో! ఇప్పుడే వద్దని చెప్పేస్తా." మొగుడు ఫోన్ తీశాడు.

"బాబూ, అదొక్కటీ..." వడ్రంగి చెయ్యి జేబు దాకా వెళ్ళి ఆగిపోయింది. "ఏడాదిలో దొరికిన పెద్ద పని అదొక్కటే బాబూ."

అవతల ఫోన్ మోగుతోంది.

"పెట్టెయ్యండి!" కోడలు అరిచింది. బుడ్డది ఉలిక్కిపడి రాగం ఆపేసింది. "ఆయన తప్పేం లేదు. స్క్రూలు మార్చింది నేను."

"నువ్వా?"

"పొట్టివి ఆగవేమోనని భయమేసింది. వద్దన్నా వినకుండా ముప్పావు అంగుళంవి పెట్టాను. దానికేం కాకూడదని చేశాను. దాని మీదికే తెచ్చాను." కోడలు పిల్ల భుజంలో మొహం దాచుకుంది.

మొగుడు ఫోన్ కట్టేశాడు. ఎవర్ని తిట్టాలో తోచక స్టూలు వంక చూస్తూ నిలబడ్డాడు.

వడ్రంగి మాత్రం నొసలు ముడిచాడు.

"ముప్పావా? సరిగ్గా గుర్తుందా అమ్మా?"

"ముప్పావే."

ఆయన పక్క తలుపు నుంచి ఒక స్క్రూ విప్పాడు. జేబులోది కూడా తీసి, రెండూ అరచేతిలో పక్కపక్కన పెట్టి చూపించాడు. ఒకటి కోడలు కొన్నదే. రెండోది దానికి రెట్టింపుకి కాస్త తక్కువ ఉంది.

"ముప్పావుది అద్దం దాకా పోదమ్మా, చట్రంలోనే ఆగుతుంది. పగిలిన తలుపుకి ఉన్నవి అంగుళంబావువి."

"ఇది నేను కొనలేదు," అంది కోడలు అయోమయంగా. "ఒట్టు! నేను కొనలేదు."

మూల చీపురు చప్పుడు ఆగింది.

"నువ్వు స్టూలెక్కి మార్చడం చూశానమ్మాయీ," అంది అత్త, తల ఎత్తకుండానే. "అవి కూడా నాకు పొట్టిగానే కనిపించాయి."