గోడ మీద వెలుగు

"ఈ లైట్లతోనా బాబాయ్, నువ్వు నిన్నటిదాకా బండి తోలింది?"

అన్నాడు ఖాజా మొహిద్దీన్. పికప్ ముందు గొంతుక్కూర్చుని అలా చూస్తూ ఉండిపోయాడు. కుడి లైటు నూనె అయిపోయిన దీపంలా పచ్చగా మినుకుమంటోంది. ఎడమది అసలు వెలగడమే లేదు. దాచేపల్లిలో ఆటో ఎలక్ట్రికల్ షాపు పెట్టిన దగ్గర్నుంచీ సిమెంటు లారీల దిక్కుమాలిన వైరింగులు ఎన్ని చూడలేదు! ఇంత ఘోరం మాత్రం ఇదే మొదలు.

"అందుకే గదరా నీ దగ్గరికొచ్చింది," అన్నాడు బసవయ్య, బానెట్ మీద చెయ్యేసి నిలబడి. "ఎంత వెలుగొస్తే అంత పెట్టు. కూలోళ్ళు బండి ఎక్కం అంటన్నారు."

బసవయ్య రోజూ తెల్లారకముందే నడికుడిలో ఆడకూలీలను ఎక్కించుకుని దుర్గి పక్క మిరప చేలకు తోలతాడు. మిరపకోతల సీజన్‌లో ఆ కిరాయే అతని ఇంటికి ఏడాది తిండి. మొన్న చీకట్లో ముందు చక్రం కల్వర్టు అంచు దాటిపోయింది. వెనక ఉన్న ఆడవాళ్ళు ఏడుస్తూ దూకేశారు. లైట్లు బాగుచేయించుకుని వస్తే సరే, లేకపోతే రేపటి నుంచి వేరే బండి మాట్లాడుకుంటామని కూలీల మేస్త్రి కోటేశ్వరమ్మ తెగేసి చెప్పింది.

"ఆ రోజు నేను బండిలో లేను నాయనా, జొరం," అంది బసవయ్య భార్య ప్రభావతి. ఆమె ముఖంలో భయం ఇంకా పోలేదు. "ఉంటే అంతదాకా రానిస్తనా?"

ఖాజాకు అంత కంగారులోనూ నవ్వొచ్చింది. ఆమె సంగతి దాచేపల్లిలో ఎవరికి తెలీదు! మొగుడి పక్క సీట్లో కూర్చుని దారి పొడుగునా నోరు మూయదు. అదుగో గేదెలు, ఇదుగో బ్రేకరు, ఎడం పక్క సైకిలోడు, జరుగు జరుగు. ఇందాక బండి షెడ్డులోకి వచ్చేటప్పుడు కూడా ముందే దిగి, చేతులూపుతూ, కేకలేస్తూ లోపలికి రప్పించింది.

"మీ బండికి హారన్ దండగ పిన్నీ," అన్నాడు.

"నా ఖర్మ. నేను వాగకపోతే ఈయనకు బండి నడవదు."

"నాలుకా అది, తాటిమట్టా?" అన్నాడు బసవయ్య విసుగ్గా.

ఖాజా లైటు అద్దాలు గోకితే సిమెంటు దుమ్ము కింద పసుపు అట్టలు కట్టి ఉంది. "ప్రతి శుక్రవారం లైట్లకు కూడా పసుపు పూస్తన్నావా పిన్నీ? అమ్మవారికి పూసినట్టు అంగుళం మందాన ఉంది. వెలుగు బయటికెట్టొస్తది?"

ప్రభావతి ముక్కున వేలేసుకుంది. "అయ్యో, చేతులారా నేనే చేశానా?"

"సగం నువ్వు, సగం వైర్లు." ఖాజా ఎడమ లైటు వెనక హోల్డరు ఊడదీసి ఉలిక్కిపడ్డాడు. ప్లాస్టిక్ కరిగి ముద్దయింది. ఎర్తు వైరు తుప్పుపట్టి, వేలితో తాకితే రాలిపోయింది. "ఇంకో వారం ఇట్టాగే తిప్పితే బండి తగలబడిపోయేది. వెనక అంతమంది ఆడోళ్ళు. దేవుడు చల్లగా చూశాడు."



కొత్త హోల్డర్లు వేశాడు. వైర్లు కాలకుండా రిలేలు బిగించాడు. ఉన్నవాటిలోకెల్లా పెద్ద వెలుగు ఎల్‌ఈడీలు కావాలని బసవయ్య పట్టుబట్టాడు. ఎదురొచ్చేవాడి కళ్ళు బైర్లు కమ్మి వాడే మన మీదికొస్తాడని ఖాజా నచ్చజెప్పి, మంచి తెల్ల బల్బులు వేశాడు. అద్దాలు తోమి తళతళలాడించాడు.

అప్పటికి పొద్దుగూకింది. ప్రభావతి ఎదురు కొట్లో టీలు చెప్పి వస్తానని రోడ్డు దాటింది. ఖాజా షట్టరు దించి, బండికి ఎదురుగా ఉన్న గోడ మీద సుద్దతో అడ్డంగా గీత గీశాడు.

"ఈ గోడ దగ్గర నిలబడు బాబాయ్. నేను లోపల కూర్చుని లైట్లేస్తా. వెలుగు గీత మీద పడాల. పైకి పోతే ఎదురోడికి కష్టం, కిందికి పోతే నీకు కష్టం. చూసి చెప్పు."

బసవయ్య చెయ్యి గోడకు ఆనించి నిలబడ్డాడు. ఖాజా బండెక్కి తలుపు లాగాడు. షెడ్డంతా దద్దరిల్లింది.

"పడిందిరా," అన్నాడు బసవయ్య వెంటనే. "అబ్బ, ఏం తెలుపు. పాలు పోసినట్టుంది."

ఖాజా కిటికీలోంచి తల బయటపెట్టాడు. "ఎక్కడ పడింది బాబాయ్?" అన్నాడు మెల్లిగా.

"సరిగ్గా గీత మీదే."

"రెండు లైట్లూనా?"

"రెండూ సమానంగా ఉన్నయ్. నీ చెయ్యి బంగారం రా."

కల్వర్టు అంచు దాటిన చక్రం, దూకేసిన ఆడవాళ్ళు ఖాజా కళ్ళ ముందు కదిలారు.

అంతలో బసవయ్య జేబులో ఫోను మోగింది. తీసి చెవికి పెట్టుకున్నాడు.

"ఆఁ, కోటేశ్వరమ్మా. లైట్లు చేయించా. చానా బాగా వచ్చినయ్, పట్టపగల్లా ఉంది. ఇంకేం భయంలేదు. పొద్దున చీకటితోనే వస్తా, అందర్నీ రెడీగా ఉండమను."

ఖాజా ఇంకా లైట్లు వెయ్యనే లేదు.