మూత సందులో జిగురు

ఎలక్ట్రీషియన్ అయిన అన్నను పొట్టన పెట్టుకున్న స్విచ్ పెట్టె పక్కనే ఉన్న రెండో పెట్టెను విప్పాడు, అదే గ్యాస్ ప్లాంటులో ఇన్‌స్పెక్టరైన తమ్ముడు. మూత సందు నిండా తెల్ల జిగురు.

సాయంత్రం నేరుగా వదిన దగ్గరికి వెళ్ళాడు.

"కారణం దొరికింది వదినా. పెట్టె లోపల మంట పుడితే, ఆ సన్నటి సందులోంచి బయటికొచ్చేలోగా చల్లారిపోవాలి. ఎవడో దాన్ని జిగురుతో పూడ్చేశాడు. పెట్టె బాంబులా పేలింది. వాడెవడో తేలనీ, ఊరికే వదలను."

వదిన వంటగది కిటికీ వైపు చూసింది. చట్రం చుట్టూ అదే తెల్ల జిగురు, బొటనవేలితో నున్నగా దిద్ది ఉంది.

"దానికి పూయగా మిగిలింది మీ అన్నయ్యే పట్టుకెళ్ళారు. పెట్టెల్లోకి వాన నీళ్ళు దిగితే, మళ్ళీ నువ్వు అందరి ముందూ కేకలేస్తావని."