మూలనున్న ఫ్యూజు

ఇప్పుడు మెకానిక్కులెవరూ లేరు. ఏం చెయ్యాలో కారే చెబుతుంది, ఇంట్లోవాళ్లు చేసుకుంటారు. తమ కారు బ్యాటరీ రోజూ తెల్లారేసరికి దిగిపోతుంటే, వకుళ మీటరు పట్టుకుని అపార్ట్‌మెంటు సెల్లార్లోకి దిగింది.

ఎదురు ఫ్లాటు సుభాషిణి గారు చూసి, "మా దానికీ అంతేనమ్మా, వదిలెయ్," అని గబగబా లిఫ్టెక్కేసింది.

మోకాళ్ల నొప్పితో నిలబడలేక అత్తగారు కారులో కూర్చుంది. తలుపు తీసి ఉంటే లోపలి లైటు కరెంటు లాగుతుందని తలుపులన్నీ మూయించింది కారు.

అది చెప్పినట్టే వకుళ బానెట్ ఎత్తి, ఒక్కో ఫ్యూజు తీసి మీటరు చూసి మళ్లీ పెడుతోంది. ఏది తీసినా మీటరు తగ్గట్లేదు, కరెంటు లీకు ఎక్కడా దొరకలేదు.

"ఆ మూలది చూశావటే?" కిటికీలోంచి అడిగింది అత్తగారు.

"అది దేనికీ కలపలేదండీ. వదిలేయండి," అంది కారు.

అలాంటప్పుడు తీస్తే ఏం పోతుందని వకుళ దాన్ని పీకేసింది. మీటరు టక్కున సున్నాకి పడిపోయింది. అదే క్షణంలో కారు అద్దాలు పైకి లేచాయి, తలుపులు లాకయ్యాయి.

"వకుళా! తలుపు రావట్లేదే!" అత్తగారు లోపల్నించి అద్దం బాదుతోంది.

కారు పలకలేదు. పక్కనున్న సుభాషిణి గారి కారు పలికింది.

"వకుళ గారూ, దాన్ని మళ్లీ పెట్టేయండి."

సెల్లార్లో కార్లన్నిటికీ లైట్లు వెలిగాయి. వకుళ గబుక్కున ఫ్యూజు పెట్టేసింది. తలుపులు తెరుచుకున్నాయి.

మర్నాడు, కొత్తగా అద్దెకు దిగినాయన మీటరుతో ఎదురొచ్చాడు. "మా కారు బ్యాటరీ రోజూ దిగిపోతోందండీ."

వకుళ కార్లన్నిటికీ వినబడేట్టు జవాబిచ్చింది.

"మా దానికీ అంతేనండీ, వదిలేయండి."